విశాఖ బడికి స్థానిక పాఠ్య ప్రణాళిక: జనాన్ని అడిగి తయారుచేయడం ఎలా?

పేరెంట్స్ మీటింగ్ ఏ స్కూల్లో జరిగినా చివరికి మాట సిలబస్ మీదికే వస్తుంది. "ఇంగ్లీషు మాట్లాడటం నేర్పండి సార్" అని ఒకరు, "కంప్యూటర్ క్లాసులు పెంచండి" అని ఇంకొకరు. "మా గుంటడికి లెక్కలొచ్చుగానీ బ్యాంకు ఫారం నింపమంటే బిక్కమొహం ఏస్తాడు" అని వెనక వరసలోంచి ఒక తల్లి. టీచర్లు తల ఊపుతారు, మినిట్స్ పుస్తకంలో ఒక లైను రాస్తారు, టీ తాగి అందరూ వెళ్లిపోతారు. ఆ లైనుకు ఎవరూ జవాబు చెప్పరు.

మీరు హెడ్‌మాస్టరు కావచ్చు, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్ కావచ్చు, నాలుగు స్కూళ్లు నడిపే ట్రస్టులో ఉండవచ్చు. ఆ తల్లి అన్న మాట తరగతి గదిలో పాఠంగా మారడానికి ఏమేం చేయాలో ఇక్కడ వరసగా చెప్తాను. ఏడాది పైనే పట్టే పని ఇది. ఆరు నెలల్లో కూడా ముగించవచ్చు. కాకపోతే అప్పుడు మీ దగ్గర మిగిలేవి సంతకాలే, అభిప్రాయాలు కావు.

ముందు మీ చేతిలో ఏముందో తేల్చుకోండి

జనం దగ్గరికి వెళ్లకముందే చేయాల్సిన పని ఇది. దీన్ని వదిలేసినవాళ్లే తర్వాత ఎక్కువ మాటలు పడతారు.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం 1 నుంచి 8 తరగతుల పాఠ్య ప్రణాళికను ప్రభుత్వం నోటిఫై చేసిన అకడమిక్ అథారిటీ నిర్ణయిస్తుంది. మన రాష్ట్రంలో ఆ పని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలిది (ఎస్‌సీఈఆర్‌టీ). సీబీఎస్‌ఈ స్కూళ్లకు వాటి బోర్డు లెక్క వేరే ఉంటుంది. కాబట్టి ఏడో తరగతి లెక్కల పుస్తకంలోంచి ఒక అధ్యాయం తీసేసే అధికారం మీకు లేదు. ఆ మాట మొదటి మీటింగులోనే చెప్పేయాలి. "మీరు చెప్పండి, మేం మార్చేస్తాం" అని ఊరించకండి.

మరి మీ చేతిలో ఉన్నదేమిటి? 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజుల బ్యాగ్‌లెస్ పీరియడ్, అంటే పుస్తకాల సంచీ లేని రోజులు, ఉండాలంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవడం దాని ఉద్దేశం. ప్రాజెక్టు పనులు, లైబ్రరీ పీరియడ్లు, అసెంబ్లీ, క్లబ్బులు కూడా చాలావరకు స్కూలు చేతిలోనివే. అన్నింటికంటే పెద్ద చోటు ఇంకొకటి ఉంది: పుస్తకంలో పాఠం అదే ఉంచి, టీచరు చెప్పే ఉదాహరణలు మార్చడం. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇప్పుడు గంటలు లెక్కేయండి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6-8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. 1-5 తరగతులకైతే 200 రోజులు, 800 గంటలు. పెద్ద తరగతులకు రోజుకు సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. ఏడాదికి పది బ్యాగ్‌లెస్ రోజులు అనుకుంటే 45 గంటలు. ఇక ముందు మీరు చేసే ప్రతి పనీ ఈ 45 గంటల చుట్టూనే తిరుగుతుంది. ఒక్కో అంశానికి మూడు గంటలిస్తే పదిహేను అంశాలు పడతాయి, పదహారోది పట్టదు.

ఇదంతా ఒక్క పేజీలో రాసి పెట్టుకోండి: ఏం మార్చగలం, ఏం మార్చలేం, ఎన్ని గంటలున్నాయి, తుది నిర్ణయం ఎవరిది, వచ్చిన సూచనలకు ఏ తేదీలోపు జవాబిస్తాం. ఒక కాపీ మండల విద్యాశాఖ అధికారి (ఎంఈఓ) గారికి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. తర్వాత ఎవరైనా "ఎవరినడిగి చేస్తున్నారు?" అంటే ఆ కాగితమే మీకు అండ.

కమిటీ

ఏడుగురు, మహా అయితే తొమ్మిది మంది చాలు. ప్రైమరీ టీచరు ఒకరు, హైస్కూలు టీచర్లు ఇద్దరు (ఇద్దరూ ఒకే సబ్జెక్టు వాళ్లు వద్దు), తల్లిదండ్రులు ముగ్గురు నలుగురు, టీచర్లకు శిక్షణ ఇచ్చే భీమిలి డైట్ నుంచి ఒక లెక్చరరు దొరికితే ఇంకా మంచిది. పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలని చట్టం. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు స్కూళ్లకు ఆ నిబంధన వర్తించకపోయినా దాన్ని పాటించడం వల్ల నష్టమేమీ లేదు.

కమిటీకి అధ్యక్షుడెవరన్నది పెద్ద విషయం కాదు. రిజిస్టరు రాసే మనిషెవరన్నది చాలా పెద్ద విషయం. విన్నది విన్నట్టు రాసేవాళ్లు, "వాళ్లు చెప్పింది ఇదీ" అంటూ సొంత భాషలోకి మార్చనివాళ్లు కావాలి. రాజకీయ నాయకులను కమిటీలో వేసుకోకండి. మీటింగుకు వచ్చి అందరిలాగే మైకు తీసుకుని మాట్లాడితే అభ్యంతరం లేదు.

ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ అడగాలి

శనివారం పదకొండు గంటలకు స్కూలు హాల్లో మీటింగ్ పెడితే ఎప్పుడూ వచ్చే ఇరవై మందే వస్తారు. అందులో పదిహేను మంది ప్రతిసారీ మాట్లాడేవాళ్లే. మిగతా ఊరు పనిలో ఉంటుంది. కాబట్టి ఊరి పనివేళలు చూసి మీ క్యాలెండర్ వేసుకోవాలి.

మత్స్యకార కుటుంబాలతో మొదలుపెట్టండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. మగవాళ్లు సముద్రం మీద కాకుండా ఇళ్ల దగ్గర దొరికేది అప్పుడే. సాయంత్రం జాలరిపేటలో, ఫిషింగ్ హార్బర్ వెనక వీధుల్లో, భీమిలిలో వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న చోటికే మీరు వెళ్లండి. ఆడవాళ్లను విడిగా కలవాలి, వాళ్లు అడిగే విషయాలు వేరుగా ఉంటాయి. చేపలమ్మే మనిషిని పొద్దున్న పది గంటలకు మీటింగుకు పిలవడమంటే ఆ రోజు సంపాదన మానుకోమనడమే. నిషేధం ఉన్నప్పుడే వెళ్లాలి కాబట్టి మీ ఏడాది జూన్‌లో కాకుండా ఏప్రిల్‌లో మొదలవుతుంది. స్కూళ్లు మూసే ముందు పదిరోజులూ దీనికే వాడుకోండి.

గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు ఏ, బీ, సీ షిఫ్టుల లెక్క. ఒకే వారంలో రెండు మీటింగులు పెట్టాలి, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. ఒక్కటే పెడితే ఆ వారం డ్యూటీలో ఉన్నవాళ్లంతా తప్పిపోతారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు దాటాక కాస్త తీరిక. కంచరపాలెం, గోపాలపట్నంలో డ్వాక్రా సంఘాల నెలవారీ మీటింగులు ఎలాగూ జరుగుతాయి. ఆ సంఘాలను చూసే మెప్మా వాళ్లతో మాట్లాడి చివర్లో అరగంట అడిగి తీసుకోండి. కొత్తగా మీటింగ్ పెట్టడం కన్నా ఉన్న మీటింగులోకి వెళ్లడం నయం. ఎంవీపీ రైతుబజారు దగ్గర ఆదివారం పొద్దున్న ఒక బల్ల, రెండు కుర్చీలు వేసినా చాలామంది ఆగుతారు. కాకపోతే సంచీలో కూరగాయలున్న మనిషి ఎక్కువసేపు నిలబడడు, ఒక్క ప్రశ్నే అడగండి.

ఏ రోజులు వద్దో కూడా చెప్పాలి. మార్గశిర మాసంలో గురువారాలు పాతబస్తీలో ఏమీ పెట్టకండి, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టుపక్కల నడవడానికే చోటుండదు. సింహాచలం చందనోత్సవం, గిరి ప్రదక్షిణ రోజుల్లోనూ అంతే. మార్చిలో పరీక్షల టెన్షన్, జనవరిలో సంక్రాంతికి సగం ఊరు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఖాళీ.

పిలవకపోతే రానివాళ్లు కొందరుంటారు. కట్టడం పనులకు వచ్చిన ఒడిశా కుటుంబాలు, నేవీలో ఉద్యోగాలున్న హిందీ కుటుంబాలు, గిరిజన ఏజెన్సీ ప్రాంతం నుంచి దిగి వచ్చినవాళ్లు. వాళ్ల భాష వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు పెద్ద మీటింగులో నోరు తెరవరు. భవిత కేంద్రానికి వెళ్లి, పిల్లల్ని తీసుకురావడానికి వచ్చినప్పుడు పక్కన కూర్చుని అడగండి.

టీచర్లను కూడా విడిగా వినాలి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఒక గంట తీసుకోండి, హెడ్‌మాస్టర్లు బయట ఉండాలి. "సిలబస్ పూర్తవ్వడం లేదు" అన్న మాట హెడ్‌మాస్టరు ఎదురుగా ఎవరూ అనరు. మీరే హెడ్‌మాస్టరైతే బయటికి వెళ్లి టీ తాగండి.

ఏం అడగాలి

"సిలబస్‌లో ఏం పెట్టాలి?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే యోగా, కంప్యూటర్, నైతిక విలువలు, స్పోకెన్ ఇంగ్లీష్ అన్న నాలుగు జవాబులే ఊరంతా వస్తాయి. అవి తప్పు జవాబులు కావు. ఊరి గురించి మీకు కొత్తగా ఏమీ చెప్పవు, అంతే.

నేను మూడు ప్రశ్నలు సూచిస్తాను. మొదటిది: మీరు రోజూ చేసే పనిలో వాడే లెక్క, మాట, జాగ్రత్త, వీటిలో స్కూల్లో నేర్పనిది ఏది? రెండోది: పదో తరగతి అయ్యేసరికి మీ అమ్మాయి ఎవరి సాయం లేకుండా ఏ పని చేసుకోగలగాలి? మూడోది: ఇప్పుడు నేర్పుతున్నదాంట్లో ఏది తగ్గిస్తే ఫరవాలేదు?

మొదటి రెండింటికీ జవాబులు బాగా వస్తాయి. మూడోదానికి ఎవరూ నోరు విప్పరు. చదువులో ఏదైనా తీసేయమనడం పాపమన్నట్టు చూస్తారు. అందుకే ఇక్కడ చింతపిక్కలు కావాలి.

ఎనిమిది మంది కూర్చున్న గుంపుకు 45 చింతపిక్కలు ఇవ్వండి. ఒక్క పిక్క ఒక్క గంట. నేల మీద సుద్దతో గళ్లు గీసి, ఆ గుంపు అంతకుముందు చెప్పిన అంశాలు ఒక్కో గడిలో రాయండి, చదవడం రానివాళ్ల కోసం పక్కన బొమ్మ వేయండి. ఇప్పుడు పిక్కలు పంచమనండి. మొదట అన్ని గళ్లలోనూ సమానంగా వేసేస్తారు. అప్పుడు అడగండి: "బ్యాంకు పనికి రెండు గంటలు సరిపోతాయా? పిల్లల్ని బ్యాంకుకు తీసుకెళ్లి తీసుకురావడానికే ఒక గంట." పిక్కలు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారడం మొదలవుతుంది, వాదన కూడా మొదలవుతుంది. మీక్కావలసింది ఆ వాదనే. ఎందుకు ఇక్కడినుంచి తీసి అక్కడ పెట్టారో, ఎవరు ఒప్పుకోలేదో రిజిస్టరులో రాయాలి. చివర్లో గళ్లను ఫోన్‌లో ఫోటో తీయండి. మనుషుల మొహాలు ఫోటోలో వద్దు.

పిల్లలను అడగకుండా ఈ పని చేయకండి. 2022లో కేరళ తన పాఠ్య ప్రణాళిక మార్చుకునేటప్పుడు తరగతి గదుల్లోనే విద్యార్థులతో చర్చలు పెట్టింది. మనం కూడా చేయగలం. చిన్న తరగతులకు ప్రశ్నలు పనికిరావు, "ఇంటి నుంచి బడి వరకు దారి గీయండి, అందులో మీకు తెలియనివాటి దగ్గర ప్రశ్న గుర్తు పెట్టండి" అంటే చాలు. మల్కాపురం పిల్లలు ట్యాంకర్ల దగ్గర, మధురవాడ పిల్లలు తవ్వేసిన కొండల దగ్గర పెట్టవచ్చు. ఎక్కడ పెడతారో మీరు ముందే ఊహించి చెప్పేయకండి.

ఆన్‌లైన్ ఫారం పెట్టడం తప్పు కాదు. కాకపోతే ఫారం నింపేవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. దాని లెక్క విడిగా ఉంచండి, వీధి మీటింగుల లెక్కలో కలపకండి. ఏ సూచనకూ పేరు రాయక్కర్లేదు. ఏ వీధి, ఏ పని, పిల్లలు ఏ తరగతి, ఇంతే. మాట మాత్రం వాళ్లు అన్నట్టే రాయండి.

ఇక్కడ ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ గురించి ఒక మాట. ఆరో తరగతి నుంచే పెట్టండి అనేవాళ్లు ప్రతి మీటింగులో కనీసం ఇద్దరు ఉంటారు, గట్టిగా మాట్లాడతారు కూడా. వాళ్లను చిన్నచూపు చూడటం తేలిక, అది అన్యాయం. ఇల్లు తాకట్టుపెట్టి ఫీజు కట్టే మనిషి భయం అది. ఆ భయాన్ని రాసుకోండి: "లెక్కల్లో వెనకబడతారని భయం". దాని పక్కన మీ జవాబు: లెక్కల పాఠాలు తగ్గించడం లేదు, మార్కెట్ లెక్కలు వాటికి ఉదాహరణలుగా వస్తాయి. కోచింగ్ మాత్రం ఈ 45 గంటల్లో పెట్టరు. అప్పటికప్పుడే మొహం మీద చెప్పేయండి, ముసాయిదా వచ్చేదాకా ఆశ పెట్టకండి.

వచ్చిన మాటలతో ఏం చేయాలి

ఒక ఎక్సెల్ షీటు, లేదా అడ్డంగా గీతలు కొట్టిన రిజిస్టరు. ప్రతి సూచనకూ ఒక నంబరు. పక్కన ఈ అయిదింటిలో ఒకటి: ఒప్పుకున్నాం, మార్చి ఒప్పుకున్నాం, పుస్తకంలో ఇప్పటికే ఉంది, మా చేతిలో లేదు, ఒప్పుకోలేదు. చివరి రెండింటికీ కారణం తప్పనిసరి. "పరిశీలిస్తాం" అనే గడి పెట్టకండి. పెడితే అన్నీ అందులోకే పోతాయి.

సగానికి సగం సూచనలు పాఠాల గురించి ఉండవు. మరుగుదొడ్లు, బస్సు, ఫీజులు, మధ్యాహ్న భోజనం, బ్యాగు బరువు. వాటిని "సంబంధం లేనివి" అని పక్కన పారేయకుండా వేరే కాగితం మీద రాసి సంబంధించినవాళ్లకు పంపండి, పంపినట్టు చెప్పండి. బ్యాగు విషయంలో కేంద్రం 2020లోనే విధానం తెచ్చింది, పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదని. అది చూపించి ఆ వారమే టైంటేబుల్ సరిచేయవచ్చు. అడిగిన పని ఒకటైనా వెంటనే జరిగితే తర్వాతి మీటింగుకు జనం పెరుగుతారు.

అభిప్రాయ సేకరణ ఓటింగు కాదు. ఒకే వాక్యంతో రెండొందల వాట్సాప్ మెసేజీలు వస్తే అది ఒక సూచన, రెండొందల మంది పంపారని పక్కన రాయండి. చెవిటి పిల్లాడి తల్లి ఒక్కతే అన్న మాట కూడా ఒక సూచనే, రెండింటికీ ఒకే సైజు గడి. 2006లో న్యూజిలాండ్ కొత్త పాఠ్య ప్రణాళిక ముసాయిదా విడుదల చేస్తే పది వేలకు పైగా స్పందనలు వచ్చాయి, 2007లో తుది ప్రతి వచ్చింది. మన జాతీయ విద్యా విధానానికి రెండు లక్షలకు పైగా సూచనలు వచ్చాయని కేంద్రం చెప్పింది. అంత పెద్ద లెక్కల్లో ఎవరి మాట ఏమైందో పంపినవాళ్లకు తెలియడం కష్టం. మీ దగ్గర రెండొందలే ఉంటాయి కాబట్టి మీరు ప్రతిదానికీ జవాబు చెప్పగలరు. చిన్నగా చేయడంలో ఉన్న లాభం ఇదే.

ఆ జాతీయ విద్యా విధానం 2019 ముసాయిదా ఇంకో సంగతి కూడా చూపించింది. మే 31న బయటికొచ్చిన ముసాయిదాలో హిందీయేతర రాష్ట్రాల్లో హిందీ గురించి ఉన్న వాక్యం మీద, ముఖ్యంగా తమిళనాడులో, గట్టి వ్యతిరేకత వస్తే జూన్ 3కల్లా దాన్ని మార్చారు. భాష, మతం, కులం ఉన్న వాక్యాలను ముసాయిదాలో పెట్టేముందు ఆ వాక్యం ఎవరి గురించో వాళ్లకే చదివి వినిపించండి. మత బోధన పెట్టమని అడిగేవాళ్లుంటారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో అది కుదరదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. కారణం గడిలో ఆ నంబరు రాస్తే చాలు, చర్చ అక్కర్లేదు.

ఒక మాట పాఠం ఎలా అవుతుంది

కమిటీ ఎక్కువగా తడబడేది ఇక్కడే. "మా పిల్లలకు సముద్రం గురించి చెప్పండి" అని ఎవరో అంటారు. కమిటీ వెంటనే ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, తొట్లకొండ అని టూరిజం బ్రోచర్ రాసేస్తుంది. చూడదగ్గ స్థలాల జాబితాకు పాఠ్య ప్రణాళిక అని పేరు పెడితే సరిపోదు.

ఇలా చేయండి. ఆ మాట అన్న మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి, "అంటే మీ పిల్ల ఏం చేయగలగాలి?" అని అడగండి. పట్టిన చేపను వేలంపాటలో అమ్మగా వచ్చిన డబ్బులోంచి డీజిలు, ఐసు ఖర్చు పోను మిగిలింది పడవ యజమానికీ పనివాళ్లకూ వాటాలు వేస్తారు. ఆ లెక్క పెద్దవాళ్లు నోటితో చేస్తారు, తొమ్మిదో తరగతి పిల్లాడు కాగితం మీద కూడా చేయలేడు. ఇక మీకు పాఠం దొరికింది: నిష్పత్తి, అనుపాతం అధ్యాయానికి వంజరం, చందువ, కవ్వళ్ల ధరలతో నాలుగు లెక్కలు. దీనికి 45 గంటల్లోంచి ఒక్క గంట కూడా పోలేదు, ఉన్న అధ్యాయంలోనే ఒదిగింది. అలా ఒదిగేవన్నీ ముందు ఒదిగించండి. ఒదగనివాటికే పిక్కలు ఖర్చుపెట్టండి.

ఒదగనిదానికి ఉదాహరణ, ప్రమాదాల్లో జాగ్రత్త. ఈ ఊళ్లో దీన్ని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది ఇక్కడే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ అనే రసాయనం లీకై, దాని ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. కాబట్టి "విపత్తుల గురించి అవగాహన కలిగి ఉంటారు" అని రాయకండి. అవగాహన కలిగిందో లేదో ఎవరూ పరీక్షించలేరు. ఇలా రాయండి: ఏడో తరగతి చివరికి పిల్లలు పోర్టులో ఎగరేసే తుఫాను హెచ్చరిక 1 నుంచి 11 వరకు ఏ నంబరుకు ఏ అర్థమో చెప్పగలగాలి. గాలి ఎటునుంచి వీస్తోందో గుడ్డముక్క కట్టి చూడగలగాలి. విషవాయువు లీకైతే గాలికి అడ్డంగా, ఎత్తయిన చోటుకు ఎందుకు వెళ్లాలో చెప్పగలగాలి. స్టైరిన్ ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారుగా పరుచుకుంటుంది. ఎనిమిదో తరగతి సైన్స్ టీచరు దీన్ని సాంద్రత పాఠంతో కలిపి చెప్పుకోవచ్చు. ఆరు గంటలు ఇవ్వండి, అందులో రెండు గంటలు ఆరుబయట.

భీమిలి రోడ్డులోని ఎర్రమట్టి దిబ్బలు, మేఘాద్రిగెడ్డ నీళ్లు, కంబాలకొండ అడవి, వీటికీ ఇదే పద్ధతి. ప్రతి అంశానికీ పిల్లలు చేసి చూపించే ఒక పని ఉండాలి.

ఒక హెచ్చరిక. పోర్టు, నేవీ, రిఫైనరీ ప్రాంతాల్లోకి పిల్లల గుంపును రానివ్వడం అంత తేలిక కాదు. అక్కడ పనిచేసే మనిషినే స్కూలుకు పిలవండి. అలా వచ్చిన జాలరికో, వెల్డరుకో ఆ రోజు కూలి తప్పనిసరిగా ఇవ్వండి. శాలువా కప్పి పంపేస్తే రెండోసారి ఎందుకు రావాలి?

ముసాయిదా, ముప్ఫై రోజులు, జవాబులు

చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. అది స్కూళ్లకు వర్తించదు, కానీ గడువు మంచిదే, తీసుకోండి. నవంబరు మధ్యలో ముసాయిదా బయటపెడితే సంక్రాంతికి ముందే పని ముగుస్తుంది.

ముసాయిదా నాలుగు పేజీలు దాటకూడదు. తెలుగులో ఉండాలి. మొదటి పేజీలో 45 గంటల పట్టిక, ఏ అంశానికి ఎన్ని గంటలో. ఏప్రిల్‌లో మాట్లాడినవాళ్లు దాన్ని చూడగానే తమ గడిని వెతుక్కుంటారు. ఒక కాపీ స్కూలు గేటు దగ్గర, ఒకటి వార్డు సచివాలయంలో అంటించండి. పది నిమిషాల ఆడియో చేసి పేరెంట్స్ గ్రూపులో పెట్టండి, చదవడం రాని అమ్మమ్మలు కూడా వింటారు. ఏ వీధిలో మొదట అడిగారో ఆ వీధికే తిరిగి వెళ్లి చదివి వినిపించాలి. ఇది తప్పించుకోవద్దు.

దీనికి జతగా జవాబుల పత్రం. సూచన నంబరు, వాళ్లన్న మాట, మన జవాబు. "ఒప్పుకోలేదు" అన్నవే ముందు వరసలో పెట్టండి. ఒప్పుకున్నవి ముందు పెట్టి గొప్పలు చెప్పుకోవాలని అనిపిస్తుంది. జనం వెతికేది మాత్రం తమ మాట ఎందుకు పోయిందనే.

ట్రయల్

వేల్స్‌లో కొత్త పాఠ్య ప్రణాళిక ముసాయిదా 2019 ఏప్రిల్‌లో వచ్చింది, తుది ప్రతి 2020 జనవరిలో. తరగతి గదుల్లోకి వచ్చేసరికి 2022 సెప్టెంబరు. అంత సమయం మనకు దొరకదు. అయినా ఒక టర్మ్ అయినా ట్రయల్ లేకుండా అమలు చేయకండి. జూన్‌లో స్కూళ్లు తెరిచాక రెండు మూడు చోట్ల మొదలుపెట్టండి: ఒక ప్రభుత్వ హైస్కూలు, ఒక జీవీఎంసీ (నగరపాలక సంస్థ) స్కూలు, ఒక ప్రైవేటు స్కూలు అయితే తేడాలు తెలుస్తాయి. టీచర్లకు ఒక చిన్న డైరీ ఇవ్వండి. రెండు పీరియడ్లు అనుకున్నది ఎన్ని పట్టింది, పిల్లలు ఎక్కడ విసిగిపోయారు, ఆటోలకు ఎంతయింది. మూడే ప్రశ్నలు. డైరీ పొడుగైతే టీచర్లు నెలాఖరున కూర్చుని ఊహించి నింపేస్తారు.

గంటలు దాటిపోయిన అంశాలను టర్మ్ చివర్లో మళ్లీ చింతపిక్కల ముందు పెట్టండి. ఈసారి కమిటీయే కూర్చుని ఒక అంశం తీసేయాల్సి రావచ్చు. తీసేసినట్టు, ఎందుకు తీసేశారో, జవాబుల పత్రంలో కొత్త లైనుగా చేర్చండి.

వేసవిలో బదిలీలు వస్తాయి. హెడ్‌మాస్టరు మారితే ఫైలు బీరువాలోకి వెళ్తుంది, ఇంకో ఏడాదికి అది ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. అందుకని రిజిస్టరు, గళ్ల ఫోటోలు, జవాబుల పత్రం మూడూ రెండు సెట్లు చేయించండి. ఒకటి ఆఫీసులో, ఒకటి కమిటీలో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి ఇంట్లో. కొత్త హెడ్‌మాస్టరు చేరిన మొదటి వారంలోనే ఇద్దరు కలిసి వెళ్లి, జవాబు ఇంకా బాకీ ఉన్న సూచనల నంబర్లు చూపించి, రిజిస్టరులో సంతకం చేయించుకోండి.